అందరం కలిసి దిగే కొండ కావాలి

వేసవి సెలవులకు అమెరికా నుంచి తిరుపతి వచ్చిన కుటుంబాల్లో ఈమధ్య ఒక చర్చ తప్పకుండా వినిపిస్తోంది. బయట ఎండ మండిపోతుంటుంది. లోపల ఫ్యాను కింద చేరినవాళ్ళు డిసెంబర్లో మంచు కొండ మీద జారడానికి ఏ స్కీ రిసార్ట్‌కు పోదామా అని తర్జనభర్జన పడుతుంటారు. అంత ముందే మాట్లాడుకోవడంలో అర్థం ఉంది. చలికాలమంతా పలు రిసార్ట్‌లలో చెల్లే ఎపిక్, ఐకాన్ లాంటి సీజన్ పాస్‌లు వసంతంలో చవకగా మొదలవుతాయి, చలికాలం దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది, డిసెంబర్ మొదటి వారాల్లో మామూలుగా అమ్మకమే ఆపేస్తారు. పాస్ లేకుండా కొలరాడోలోని వెయిల్ లాంటి చోటికి రద్దీ రోజున వెళ్ళి కౌంటర్లో టికెట్ కొంటే మనిషికి రోజుకు 300 డాలర్లు దాటుతుంది. అమ్మానాన్నల అమెరికా ప్రయాణం ఎప్పుడో కూడా ఈ సెలవుల్లోనే తేలుతుంది. కాబట్టి రెండూ కలిపి మాట్లాడుకోవాల్సిన సమయం ఇదే.

భవానీ నగర్లో మా ఇంట్లోనూ ఈసారి ఇదే నడిచింది. బావ వెయిల్ అన్నాడు. తమ్ముడు వ్యోమింగ్‌లోని జాక్సన్ హోల్ అన్నాడు. డాలస్‌లో ఉండే చిన్నాయన కొడుకు, కార్లో పోయి రావచ్చు కదా, న్యూ మెక్సికో చాలన్నాడు. అంతా విని నాయన ఒక్కటే అడిగారు: "మీరంతా పైకి పోతే మేం ఆ చలిలో యాడ కూర్చోవాల?"

ఆ చర్చ మొత్తంలో అసలైన ప్రశ్న అదేనని నా నమ్మకం. మనవాళ్ళు రిసార్ట్ పేరు చూస్తారు, ఎన్ని ఎకరాలో చూస్తారు, ఆఫీసులో ఎవరు ఎక్కడికి వెళ్ళొచ్చారో చూస్తారు. ఏ దారి ఎంత కష్టమో చూపే ట్రెయిల్ మ్యాప్ మాత్రం కొండకు చేరాక, తీగ మీద పైకి తీసుకెళ్ళే లిఫ్టులో కూర్చున్నాక విప్పుతారు. ఆ మ్యాప్ ఇక్కడే, ఇప్పుడే విప్పాలి. లిఫ్టు దిగిన చోటు నుంచి ఇంట్లో ప్రతి ఒక్కరికీ తగిన దారి ఉండాలి. ఆ దారులన్నీ కింద ఒకే చోట కలవాలి. ఆ చోటికి స్కీ చేయని పెద్దవాళ్ళు కూడా ఇబ్బంది లేకుండా రాగలగాలి. ఈ మూడూ కుదిరే కొండ చిన్నదైనా సరే, అదే మనది.

స్కీయింగ్‌లో మరీ కొత్తా కాని, ఆరితేరినవాళ్ళూ కాని మధ్యస్థాయి వాళ్ళను ఇంటర్మీడియట్ అంటారు, ఆ మాటలోనే చిక్కుంది. పన్నెండేళ్ళ పిల్లవాడు స్కీలు రెండూ సమాంతరంగా పెట్టి దూసుకుపోతాడు, వాడూ ఇంటర్మీడియటే. వాళ్ళమ్మ స్కీల ముందు కొనలు దగ్గర చేసి, పిల్లలకు పిజ్జా అని నేర్పే పద్ధతిలో, ఆచితూచి దిగుతుంది, ఆవిడా ఇంటర్మీడియటే. అమెరికాలో సులువైన దారికి పచ్చ వృత్తం, మధ్యస్థంగా ఉంటే నీలం చతురస్రం (బ్లూ), కష్టమైతే నల్ల వజ్రం (బ్లాక్), ఈ గుర్తులు ఏ రిసార్ట్‌కు ఆ రిసార్ట్ తన కొండలోని మిగతా దారులతో పోల్చి పెట్టుకునేవి. ఒకచోటి బ్లూ ఇంకోచోట బ్లాక్ కావచ్చు. జాక్సన్ హోల్లో దాదాపు సగం కొండ ఆరితేరినవాళ్ళ కోసమే, అక్కడి బ్లూ చూసి ధీమాగా ఉండకూడదు. వెర్మాంట్ వైపు మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి గాజులా తయారవుతుంది, అప్పుడు తేలికపాటి బ్లూ కూడా కాళ్ళు వణికిస్తుంది. యూరప్ వెళ్ళేవాళ్ళకు నీలం తర్వాత ఎరుపు వస్తుంది, ఎరుపంటే మన కష్టమైన బ్లూకూ తేలికైన బ్లాక్‌కూ మధ్యన అనుకోవచ్చు.

తిరుపతి వాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్ళకు మనం 3,550 మెట్లు అని చెప్పి ఊరుకోం, మోకాళ్ళ పర్వతం దగ్గర జాగ్రత్త అని కూడా చెబుతాం. స్కీ దారిలోనూ అంతే. రెండు మైళ్ళ బ్లూ రన్‌లో వంద గజాల నిటారు ముక్క ఒక్కటి ఉంటే, ఆ రోజు ఎలా గడుస్తుందో ఆ వంద గజాలే తేలుస్తాయి.

మా వదినకు జరిగింది చెబుతాను, ఆ రిసార్ట్ పేరు అవసరం లేదు. మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దున మెత్తగా, గీతలు గీతలుగా చదును చేసి ఉన్న మంచు అప్పటికి వేలమంది గీకేసి గట్టి పెంకులా ఉంది. ఆ నిటారు ముక్క మొదట్లో వదిన ఆగిపోయింది. పక్కనుంచి ఎవరు దిగినా స్కీ అంచులు మంచును గీరే చప్పుడు. అన్న కింద నిలబడి "ఏం కాదు, రా" అని అరుస్తున్నాడు. పిల్లలు ఇంకో లోయలోకి, ఇంకో లిఫ్టుకు వెళ్ళిపోయారు. వాళ్ళకు ఫోన్ చేద్దామంటే చలికి బ్యాటరీ చచ్చిపోయింది. చివరికి ఆవిడ స్కీలు విప్పి, ఆ బరువైన బూట్లతో పక్కగా అడుగులో అడుగు వేసుకుంటూ దిగింది. మర్నాడు గదిలోంచి బయటికి రాలేదు. వదినకు స్కీయింగ్ రాకపోవడమేం లేదు. పైనుంచి దిగడానికి ఆవిడకు ఇంకో దారి లేదు, అంతే.

అందుకే కొండ మీదినుంచి కింది దాకా ఒక సులువైన దారి ఉన్న రిసార్ట్‌లను నేను మొదట చూస్తాను. కొలరాడోలోని కీస్టోన్‌లో డర్కమ్ కొండ శిఖరం నుంచి స్కూల్‌మార్మ్ అనే పచ్చ దారి మూడు మైళ్ళకు పైగా సాగి కిందికి చేరుతుంది. యూటాలోని పార్క్ సిటీలో హోమ్ రన్ అలాంటిదే. తూర్పున వెర్మాంట్‌లోని కిల్లింగ్‌టన్‌లో గ్రేట్ నార్దర్న్ ఉంది. అమ్మ పచ్చ దారిలో, పిల్లలు పక్కన బ్లూలో, కింద అందరూ ఒకే లిఫ్టు దగ్గర. డాలస్ తమ్ముడికి నేను చెప్పిందీ ఇదే: న్యూ మెక్సికో అయితే ఏంజెల్ ఫైర్ చూడు, టావోస్ మనకు నిటారు ఎక్కువ.

ఇక నాయన ప్రశ్న. తిరుపతి సముద్రమట్టానికి 500 అడుగుల ఎత్తున ఉంటుంది. తిరుమల 2,800 అడుగులు. కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో కొండ కింది ఊరే 9,600 అడుగులు. డెబ్బై ఏళ్ళ మనిషిని, అందులోనూ బీపీ మాత్రలు వేసుకునేవారిని, రెండు రోజుల్లో అక్కడ దింపితే తలనొప్పి, ఆయాసం, రాత్రంతా నిద్ర లేకపోవడం. దారిలో అంత ఎత్తు లేని డెన్వర్లో ఒక రాత్రి ఆగితే కొంత నయం, డాక్టరును అడిగే బయల్దేరాలి. నన్నడిగితే పెద్దవాళ్ళు వస్తున్నప్పుడు 7,000 అడుగుల లోపు బేస్, అంటే కొండ కింది చోటు, ఉన్నవే చూడాలి. కొలరాడోలోనే కావాలంటే స్టీమ్‌బోట్ ఉంది, దాని బేస్ 6,900. కాలిఫోర్నియాలో నార్త్‌స్టార్ 6,300 చిల్లర. లేక్ టాహో దగ్గర హెవెన్లీలో స్కీ చేయనివాళ్ళు కూడా గొండోలా (తీగ మీద పోయే మూసిన పెట్టె) ఎక్కి, 9,100 అడుగుల దగ్గర దిగి సరస్సును చూసి రావచ్చు. అంత ఎత్తున కాసేపు నిలబడి దిగిపోవడం వేరు, అక్కడే పడుకోవడం వేరు.

వంట సంగతి చాలామందికి తట్టదు. క్రిస్మస్ సెలవులంటే మనకు ధనుర్మాసం. మా అమ్మ ఆ నెలంతా నీచు ముట్టదు. కొండ మీది లాడ్జిలో శాకాహారం అంటే ఫ్రెంచ్ ఫ్రైస్, చీజ్ పిజ్జా. కాబట్టి వంటిల్లున్న కాండో, అంటే అద్దె ఫ్లాటు, తప్పనిసరి. 7,000 అడుగుల దగ్గర నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. ప్రెషర్ కుక్కర్ సూట్‌కేసులో పెట్టుకోండి.

మా ఇంటికి నేను వేసిన ఓటు పార్క్ సిటీకి. న్యూజెర్సీ, డాలస్, ఫ్రీమాంట్ నుంచి వచ్చేవాళ్ళందరూ సాల్ట్ లేక్ సిటీలో దిగవచ్చు, అక్కడి నుంచి కార్లో ముప్పావు గంట. బేస్ 6,900 అడుగులు. ఊళ్ళో ఉచిత బస్సులు తిరుగుతాయి, నాయనా అమ్మా మెయిన్ స్ట్రీట్లో నడిచి, ఎక్కడో ఒకచోట వెచ్చగా కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. 2015లో పక్కనున్న కాన్యన్స్ రిసార్ట్‌ను కలుపుకున్నాక అది 7,300 ఎకరాలైంది, అదొక్కటే నాకున్న టెన్షన్. అందుకే ముందే షరతు పెట్టాను: బస ఊరి వైపే, కాన్యన్స్ వైపు వద్దు. మొదటి రెండు రోజులూ కింగ్ కాన్ లిఫ్టు దాటకూడదు. అక్కడి బ్లూ దారులు చాలావరకు చదును చేసి ఉంచుతారు, ఎక్కువ దారులు మళ్ళీ అదే లిఫ్టు దగ్గరికి వస్తాయి.

పిల్లలకు బోర్ కొడుతుందని తమ్ముడి అభ్యంతరం. వాడికి జాక్సన్ హోల్ మీద మనసింకా పోలేదు. పొద్దున పూట పిల్లల్ని ఇన్‌స్ట్రక్టర్‌తో కష్టమైన దారుల మీదికి పంపిద్దాం, వాళ్ళకు నేర్పేవాళ్ళు తోడుంటారు, మనకు నిశ్చింత. పన్నెండున్నరకు బేస్ దగ్గరికి అమ్మ పులిహోర డబ్బాతో వస్తుంది, అందరం అక్కడుండాలి అన్నాను. బావ ఒప్పుకున్నాడు. తమ్ముడు పాస్ ధర పెరిగే తేదీలోగా చెబుతానన్నాడు.