పొర చిరగని భేజాలు ఐదు

మొన్న ఆదివారం పొద్దున ఏడింటికి పాలమూరుల ఒక మటన్ కొట్టు ముందల లైన్ల నిలబడ్డ. ఏ యూనివర్సిటీ పని మీద అని మాత్రం అడగొద్దు, మాది కాంట్రాక్టు నౌకరి. సైకాలజీ పీజీల ఫిజియలాజికల్ సైకాలజీ అని ఒక పేపరుంటది. భయం ఏడ పుడ్తది, ఆకలి ఏడ పుడ్తది, నిన్న తిన్నది ఇయ్యాల యాదికుండేది దేనివల్ల, ఇవన్నీ పిల్లలకు మెదడు విప్పి చూపెట్టాలె. మనిషిది మనకు ఎవరిస్తరు? మేకది చాలు. అది నూరు గ్రాములకు అటీటుగ తూగుతది, మనది 1300 దాటుతది గాని లోపలి సామానంతా ఒక్కటే. మేకకు వాసన చూసే గడ్డలు ముందల పెద్దగ ఉంటయి, చిన్నమెదడు మన లెక్క కిందికి కాకుండ వెనకకు ఉంటది. అంతే ఫరకు.

ఈ నూరు గ్రాముల కోసం మా ఆఫీసోళ్లు మూడు కొటేషన్లు అడిగిన్రు. సప్లయరుకు జీఎస్టీ నంబరుండాల్నట. విడిగ అమ్మే పచ్చి మాంసం మీద జీఎస్టీయే లేదు మహాప్రభో అని నోట్ పెడితే, ఫైలు 'చర్చించగలరు' అని వాపస్ వచ్చింది. ఎవరితోని చర్చించాలె, మేకతోనా? ప్రాక్టికల్స్ తారీఖు నెత్తి మీదికొచ్చింది. ముందు జేబుల కెళ్లి పెట్టి తర్వాత బిల్లు పెడ్దామనుకున్న.

ఇంట్ల క్యాలెండర్ చూడక పోవుడు నా మొదటి తప్పు. ఆ దినం అమావాస్య. చేతి సంచిల తెల్ల దారం ఉండ, గుండుసూదుల డబ్బ పెట్టుకొని పోవుడు రెండోది.

"భాయ్, భేజాలు ఐదు కావాలె," అన్న.

"తీస్కో సార్," అని భాయ్ ఒక తలకాయను మొద్దు మీద నిలబెట్టి కత్తి ఎత్తిండు. నేను కేక పెట్టిన. ఎందుకంటే ఆ కత్తి దిగే జాగ ఏదో నాకు ఎరుకే. రెండు కొమ్ముల నడుమ, సీద నడినెత్తి. మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోసం అనే వంతెన సరిగ్గ దాని కిందనే ఉంటది. మనుషులల్ల అయితే ఆ వంతెనల దగ్గర దగ్గర 20 కోట్ల నరాల పోగులుంటయి. దాన్ని కోస్తే ఏమయితదో చూసినందుకు అమెరికా సైంటిస్టు రోజర్ స్పెర్రీకి 1981ల నోబెల్ వచ్చింది. ఆ కోత అయినోళ్లకు కండ్లు మూసి ఎడమ చేతిల తాళంచెవి పెడితే చెయ్యి గుర్తు పడ్తది గాని నోరు పేరు చెప్పలేదు. చేతిది కుడి సగానికి పోతది, మాట ఎడమ సగంల ఉంటది, నడుమ తొవ్వ బంద్. మా భాయ్ ఆ ఆపరేషన్ ఆదివారం పూట ఏబై సార్లు చేస్తడు. ఆయనకు నోబెల్ ఇయ్యలేదు, ఎందుకంటే కత్తి దెబ్బకు వంతెన ఒక్కటే తెగదు, చుట్టున్నదంతా నుజ్జయితది. ఎముక ముక్కలు లోపలికి దిగుతయి. నడిమి కోత మేము పెట్టుకోవాలె, పొడుగు బ్లేడుతోని, రంపం లెక్క ముందుకు వెనకకు గుంజకుండ ఒక్క గీతల.

"పగలగొట్టొద్దు భాయ్, సాబూతుగ కావాలె."

లైను మొత్తం నా దిక్కు తిరిగింది.

ఈడ నోరు మూసుకుంటే కథ ఒడిసిపోవు. పాఠం చెప్పే రోగం ఉన్నోళ్లకు నోరు మూతపడదు. కొమ్ముల వెనక నుంచి అడ్డం ఒక రంపం కోత పెట్టాలె అన్న, ఎందుకంటే మేక కొమ్ము మొదట్ల ఎముక బోలుగ ఉంటది, ఆడ కోస్తే మెదడు దొరకదు, గాలి దొరుకుతది. రెండు పక్కల నుంచి మెడ తట్టు ఉన్న పెద్ద రంధ్రం దాక కోసి, పైపెంకు మూత తీసినట్టు తియ్యాలె. పైన గట్టి పొర ఉంటది, అది చిరగొద్దు. తలకాయను బోర్లించి, కింది నరాలు ఒక్కొక్కటి కత్తిరించుకుంట మెదడును అరచేతిలకు దించుకోవాలె, గుంజొద్దు. గుంజితే పిట్యూటరీ పుర్రెలనే ఉండిపోతది. శనగగింజ అంత గడ్డ, ఎముక గుంటల కూసుంటది, మీద పొర కప్పి ఉంటది. వెనక తోక లెక్క దిగే వెన్నుపాము రెండు ఇంచులు ఉండాలె. ఇదంతా చేతులు ఊపుకుంట చెప్పిన.

భాయ్ కత్తి కింద పెట్టిండు. నా వెనక ఒక పెద్దవ్వ ఉండె, బోటీ కోసం వచ్చింది.

"నెత్తురు కడగాల్నా బిడ్డా?" అని అడిగింది, శాన నిమ్మళంగ.

"వద్దవ్వా, నేను కడుక్కుంట."

"అయితే దారమెందుకు?"

సంచిల చూసింది. నాకు సంబురమయింది. దారం గురించి ఇప్పటిదాక ఏ స్టూడెంటూ అడగలేదు. చెప్పిన. అవ్వా, పచ్చి మెదడు పెరుగు లెక్క ఉంటది, అట్లనే కోస్తే చేతికంటుకుంటది. పది శాతం ఫార్మలిన్‌ల నానబెట్టాలె, అంటే సీసల వచ్చే మందు ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. మందు మెదడుకు పదింతలన్న ఉండాలె, రెండు వారాలు కదిలియ్యొద్దు. తొందరపడితే పైన రబ్బరు లెక్క గట్టిపడ్తది, నడుమ పచ్చిగనే ఉంటది, కోసినంక కారుతది. ఊకె డబ్బల పడేస్తే అడుగుకు ఆని ఇడ్లి లెక్క చదునయితది. అందుకే కింది దిక్కున్న పెద్ద రక్తనాళం కిందికెళ్లి దారం ఎక్కిచ్చి, డబ్బ మూతకు కట్టి, తలకిందులుగ యాలాడదియ్యాలె.

"తలకిందులుగ," అన్నది అవ్వ.

"రెండు వారాలు."

"మరి సూదులు?"

"అవి తర్వాత. నడిమికి కోసి, ఒక్కొక్క జాగల ఒక్కొక్క సూది గుచ్చి, దానికి చీటి కట్టి పేరు రాస్తరు."

"ఎవల పేరు?"

యాది ఉంచే హిప్పోకాంపస్ పేరు, ఆకలి పుట్టించే హైపోథాలమస్ పేరు అని చెప్తే అయిపోవు. ఆ గడియల నా రెండు సగాల నడుమ గూడ వంతెన తెగినట్టున్నది. లోపల అర్థమయింది, నోటికి రాలేదు. "ఎవలకోసం బిడ్డా ఇదంత?" అని లైన్ల కెళ్లి ఇంకొకాయన అడిగితే, "పిల్లలకోసం, పద్దెనిమిది మంది ఉన్నరు," అన్న.

నిజమే గద, సెకండియర్ల పద్దెనిమిది మంది ఉన్నరు.

చుట్టూత ఖాళీ అయింది. పాలమూరుల బాణామతి మాట ఎవరూ నోటితోని అనరు, అందరూ ఒక అడుగు వెనకకు ఏస్తరు. చంకల పిల్లగాని మొకం మీద ఒకామె కొంగు కప్పింది. లైన్ల చివరాయన మాత్రం ధైర్యం చేసి "నిమ్మకాయలు తేలేదా సార్?" అన్నడు. ఎకసెక్కెమో, నిజంగనే అడిగిండో ఇప్పటికీ తెల్వదు. నేను యూనివర్సిటీ ఐడీ కార్డు తీసిన. దాని మీది ఫోటో చూసినంక ఉన్న అనుమానం గూడ తీరిపోయింది వాళ్లకు.

భాయ్ మంచోడు. నన్ను ఆడికెళ్లి పంపియ్యాలె, ఇంకో గిరాకి చూసుకోవాలె. తలకాయ మళ్ల మొద్దు మీద పెట్టిండు. నేను "భాయ్, కొమ్ముల వెనక..." అనేలోపట చెయ్యి దానంతట అదే లేచింది, ఇరవై ఏండ్ల అలవాటు. ధన్. సరిగ్గ నడినెత్తి. నా కోసం అని మిగిలిన నాలుగు గూడ అంతే సక్కగ పలగ్గొట్టి, రెండేసి సగాలు చొప్పున కవర్ల ఏసి, పైసలు చేతికియ్యకుండ బల్ల మీద పెట్టమన్నడు.

ఎండకు ఎంతసేపు ఆగుతదది? ఐస్ మీద పెట్టి ఒకటి రెండు గంటలల్ల మందుల ఎయ్యాలె. డీప్ ఫ్రిజ్ల పెట్టొద్దు, లోపల మంచు ముక్కలు పుట్టి కణాలను చింపుతయి, కరిగినంక జావ మిగుల్తది. ఐదిట్ల మూడు పనికొచ్చినయి. పిట్యూటరీ ఒక్కదానికీ లేదు.

బిల్లు పెట్టిన. భాయ్ రాసిచ్చిన చీటి మీద "భేజా – 5" అని ఉన్నది. నిన్న సాయంత్రం అకౌంట్స్ కెళ్లి వాపస్ వచ్చింది, ఎర్ర సిరతోని: "అల్పాహారపు ఖర్చు ప్రాక్టికల్స్ పద్దు కింద చెల్లదు. పద్దు మార్చి, మరో రెండు కొటేషన్లు జతచేయగలరు."

వచ్చే ఆదివారం మళ్ల పోవాలె. ఈసారి దారం ఇంట్లనే పెట్టి పోత.