ఫార్ములాలోని చుక్కగారికి

చుక్కగారికి,

నమస్కరించి రాయునది. మిమ్మల్ని నేను మొదట చూసింది మైలుతుత్తం ఫార్ములాలో, CuSO₄·5H₂O అని. ఎడమ పక్క కాపర్ సల్ఫేట్, కుడి పక్క ఐదు నీళ్లు, నడుమ మీరు. లెక్కల పుస్తకంలో అచ్చం మీలాంటి చుక్కే గుణకారం ఉద్యోగం చేస్తోంది కదా అని, కాపర్ సల్ఫేట్ భారం 159.6ని ఐదు నీళ్ల భారం 90తో గుణించి అణుభారం 14 వేల పైచిలుకు తేల్చాను. కూడాలట! 249.6 అట. సున్నా మాత్రం నాకే పడింది, మీకు కాదు.

పోనీ అది నా తెలివితక్కువ అనుకుందాం. తర్వాత ల్యాబ్‌లో అదే నీలం స్ఫటికాన్ని పరీక్షనాళికలో వేసి కాచాను. మూతి దగ్గర చల్లటి గాజు మీద ఆవిరి పట్టి బొట్లు కట్టింది. అడుగున నీలం పోయి తెల్లటి పొడి మిగిలింది. చల్లారాక ఒక్క చుక్క (మీరు కాదు, నీళ్లది) వేస్తే మళ్లీ నీలం తిరిగొచ్చి, నాళిక వేళ్లకు వెచ్చగా తగిలింది. అంటే ఆ రంగు నీళ్ల చలవే. 100 గ్రాముల మైలుతుత్తంలో 36 గ్రాములు నీళ్లే. మీరేమో వాటిని పెళ్లివారి వెంట వచ్చిన సామానులా చివర రాయించారు.

అసలు నా ఫిర్యాదు వేరే. ఆ ఐదింటినీ ఒకే గాటన కట్టారే, అదీ. 1934లో బీవర్స్, లిప్సన్ అనే శాస్త్రవేత్తలు ఎక్స్‌రేలతో లోపలి గుట్టు బయటపెట్టారు. నాలుగు నీటి అణువులు రాగి చుట్టూ చదరంగా, సుమారు 2 ఆంగ్‌స్ట్రాంల (ఆంగ్‌స్ట్రాం అంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు) దూరంలో కూర్చున్నాయి. పైనా కిందా సల్ఫేట్ ఆక్సిజన్లు, ఇంకాస్త ఎడంగా, 2.4 దగ్గర. ఐదో నీరు రాగిని ముట్టుకోనే ముట్టుకోదు. సల్ఫేట్లకూ పక్క నీళ్లకూ మధ్య హైడ్రోజన్ బంధాలనే తేలికపాటి పట్లు పట్టుకుని కాలక్షేపం చేస్తుంది. ఇంత కాపురం జరుగుతుంటే మీరు "ఐదు" అని ఊరుకున్నారు.

పటికలో పన్నెండు అన్నారు. అందులో ఆరు అల్యూమినియం వాటా, ఆరు పొటాషియం వాటా. కోబాల్ట్ క్లోరైడ్‌లో ఆరు అన్నారు. లోహాన్ని పట్టుకున్నవి నాలుగే, రెండు అరుగు మీద. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఏకంగా అర నీరు! అణువును ఎవరు కోశారండీ? రెండు కాల్షియం సల్ఫేట్లకు ఒకటి అని చెప్పడానికి నోరు రాలేదా?

క్రోమియం క్లోరైడ్‌తో అయితే నిజంగానే చుక్కలు చూపించారు. మీ లెక్కలో మూడు క్లోరిన్లు, చుక్క, ఆరు నీళ్లు, అంతే. సీసాలు చూస్తే మూడు: ఒకటి ఊదా, ఒకటి లేతాకుపచ్చ, ఒకటి ముదురాకుపచ్చ. తాజాగా కరిగించి సిల్వర్ నైట్రేట్ పోస్తే వరసగా మూడు, రెండు, ఒక క్లోరిన్ మాత్రమే తెల్లటి అవక్షేపంగా దిగుతుంది. మిగతావి లోహాన్ని వదలవు. లోపల ఎవరు, బయట ఎవరు అని తేల్చిన రసాయన శాస్త్రవేత్త వెర్నర్‌కు 1913లో నోబెల్ ఇచ్చారు. మీరు మాత్రం ఇప్పటికీ గోడ మీద పిల్లే.

ప్రస్తుతం నా ముందు ఒక వాషింగ్ సోడా సీసా ఉంది. మూత సరిగా పెట్టలేదు. గాజులా మెరిసే స్ఫటికాలు నీళ్లు వదిలేసి పిండిపిండి అయ్యాయి. లేబుల్ మీద మీరు, మీ పక్కన 10. కాస్త లోపలికి దిగి లెక్కపెట్టి వెళ్లండి.

ఇట్లు,
159.6ని 90తో గుణించినవాడు