మూడు ఫేజుల ముచ్చట

మొన్నమొన్నటి వరకు మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె వేడి చేయాలంటే ముందు హాల్లో నిలబడి చాటింపు వేయాల్సి వచ్చేది. "ఇస్త్రీ పెడుతున్నాను, ఏసీ ఆపండి!" అని నేను అరిస్తే, వంటింట్లోంచి జవాబు వచ్చేది: "ఆగండి, పచ్చడి మిక్సీలో సగంలో ఉంది!" నెల్లూరు వేదాయపాళెంలో 1994లో మా నాన్న ఈ ఇల్లు కట్టించినప్పుడు నాలుగు ఫ్యాన్లకు, ఆరు ట్యూబులైట్లకు, ఒక టీవీకి సరిపడా తీసుకున్న సింగిల్ ఫేజు సర్వీసు అది. ఆ తర్వాత ఇల్లు పెరిగింది, పిల్లలు పెరిగారు, ఎండలు పెరిగాయి, తీగ మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక్కడికి దగ్గర్లోనే ముత్తుకూరు మండలం నేలటూరులో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లతో కరెంటు తయారవుతుంటే, మా ఇంట్లో మాత్రం మిక్సీకి, ఏసీకి మధ్య నేను రాయబారం నడుపుతూ వచ్చాను.

ఈ వేసవికి ఇక లాభం లేదని ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అతను గోడ మీది చెక్క బోర్డు, దాని మీద ఫ్యూజు పెట్టే పింగాణి కటౌట్ చూసి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. కటౌట్ ఊడదీసి లోపలి తీగను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఈ ఫ్యూజు ఎవరు కట్టారు సార్?"

"నేనే" అన్నాను, కొంత గర్వంగానే. పదేళ్లుగా ఫ్యూజు ఒక్కసారి కూడా కాలలేదు మరి.

"ఇది ఫ్యూజు తీగ కాదు సార్, స్కూటరు క్లచ్ వైరు పోగు. ఇల్లు కాలిపోయినా ఇది కాలదు."

మా ఆవిడ నా వైపు చూసిన చూపులో ఎన్ని వోల్టులు ఉన్నాయో ఇక్కడ రాయను.

తర్వాత లోడు లెక్క. "ఇప్పుడున్నవి మాత్రమే చెప్తే మళ్లీ రెండేళ్లకు నన్ను పిలుస్తారు. రాబోయే అవసరాలు కూడా చెప్పండి" అని అతను కాగితం తీశాడు. అనకూడని మాట అది. మా అబ్బాయి ఎలక్ట్రిక్ స్కూటరు రాయించాడు. మా ఆవిడ మేడ మీద అద్దెకు ఇవ్వబోయే వాటా రాయించింది. ఆ వాటాకు ఇంకా ఇటుక కూడా రాలేదు, గీజరు మాత్రం వచ్చేసింది. నేను మోకాళ్లు తడుముకుంటూ లిఫ్టు రాయించాను. ఒక్క మేడకు లిఫ్టు ఏమిటని ఎవరూ అడగలేదు, ఎవరి స్కూటరు గొడవలో వాళ్లున్నారు. అమ్మ మాత్రం "నాకు ఫ్యాను చాలు నాయనా" అంది. ఆమె గదిలో ఏసీ ఉంది, పద్దెనిమిదిలో పెట్టుకుని దుప్పటి కప్పుకుంటుంది, అది వేరే సంగతి. కూడిక పూర్తయ్యేసరికి పది కిలోవాట్లు, మూడు ఫేజులు అని తేలింది.

పెరట్లో ఎర్తింగు గుంట తవ్వించి, పైపు చుట్టూ పోయడానికి ఒక బస్తా బొగ్గు, ఒక బస్తా రాళ్ల ఉప్పు తెప్పించాను. అమ్మ ఉప్పు బస్తా విప్పి, నాలుగు పలుకులు నాలుక మీద వేసుకుని చూసింది. "ఇసకపల్లి ఉప్పులాగుంది, బాగుంది. ఈ ఏడు ఆవకాయ ఇంత పెడుతున్నామా?" అంది. గుంటలో పోయడానికని చెప్తే నమ్మలేదు. చివరికి బస్తాలో ఒక చేటెడు తగ్గింది. ఎర్తింగుకు ఏమీ కాలేదు, ఆవకాయకూ ఏమీ కాలేదు. గుంట తడి ఆరకూడదని ఎలక్ట్రీషియన్ చెప్పిన దగ్గర్నుంచి అమ్మ రోజూ తులసికోటకు పోసి, మిగిలిన చెంబుడు నీళ్లు దానికీ పోస్తుంది. మూడోరోజుకు పైపు మూతకు కుంకుమ బొట్టు కూడా వచ్చింది.

మూడు ఫేజులంటే ఏమిటో నేను అమ్మకు చెప్పబోయి, ఏవేవో తరంగాలు చేతులతో గాల్లో గీసి అలసిపోయాను. ఎలక్ట్రీషియన్ ఒక్క ముక్కలో తేల్చాడు. "మూడు బావులనుకో అమ్మా. ఎర్ర బావి నీళ్లు హాలుకు, నీ గదికి. పసుపు బావి నీళ్లు వంటింటికి, మోటారుకు. నీలం బావి నీళ్లు మేడ మీదికి."

"ఒక బావి ఎండితే?"

"ఆ తొట్టి ఖాళీ."

"పక్క బావిలో తోడుకోకూడదా?"

"అందుకేగా ఇది!" అంటూ మెట్ల కింది పెట్టెలో మూడు గుండ్రటి నాబులు చూపించాడు. ఏ వాటాను కావాలంటే ఆ వాటాను బతికున్న ఫేజు మీదికి తిప్పుకోవచ్చు. పెట్టెలో ఇంకా ఆరు గడులు ఖాళీగా ఉన్నాయి. అవి భవిష్యత్తుకట.

రోహిణి కార్తె వచ్చింది. ఒక రాత్రి తొమ్మిదింటికి వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టప్పుమని చప్పుడైంది. రెండు ఫేజులు పోయాయి. ఎరుపు ఒక్కటే మిగిలింది. అమ్మ గదిలో ఏసీ నిశ్చింతగా తిరుగుతోంది.

తర్వాత జరిగింది విచారణలో తేలిన క్రమంలో చెప్తాను. గ్యాసు అయిపోయి పాలు ఇండక్షన్ పొయ్యి మీద పెట్టాల్సి ఉన్నందున మా ఆవిడ ఎవరికీ చెప్పకుండా వెళ్లి వంటింటి నాబు ఎరుపుకు తిప్పింది. మా అబ్బాయి పిల్లిలా మెట్లు దిగి మేడ నాబు ఎరుపుకు తిప్పాడు. పైన రెండు ఏసీలు. నేను పెరట్లో కూర్చుని విసనకర్ర ఊపుకుంటూ, వంటింట్లో లైటు వెలగడం చూసి, కరెంటు వచ్చేసిందనుకుని మోటారు వేశాను. ఒక్కో ఏసీకి ఏడు ఆంపియర్లు, పొయ్యికి తొమ్మిది, మోటారుకు ఆరు, ఫ్రిజ్జూ ఫ్యాన్లూ కలిపి ఇంకో మూడు. లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చి, మెయిన్ ఎంసీబీ చూస్తే ఇరవై అయిదు. అది నా క్లచ్ వైరు కాదు కదా, రెండు నిమిషాలు ఓర్చుకుని టక్కుమని పడిపోయింది.

ఇల్లంతా చీకటి. ఎదురింటి వాళ్లు మాత్రం లైటు వేసుకుని మామిడిపండ్లు కోసుకుంటున్నారు. పదేళ్లలో మొదటిసారి వాళ్ల లైటు మా హాల్లోకి పడింది. నేను ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేశాను.

"నాబులు ఎటు చూస్తున్నాయి సార్?"

ఫోను వెలుగులో చూశాను. మూడూ ఎరుపు వైపే. నా వెనక మా ఆవిడ, ఆవిడ వెనక మా అబ్బాయి, ఎవరి మొహమూ ఎవరూ చూడలేదు. అమ్మ కప్పుకున్న దుప్పటితోనే గది గడపలోకి వచ్చింది.

"అందరూ నా బావి మీదే పడ్డారా?" అంది.

"ముందు ఏసీలు, మోటారు ఆపి, తర్వాత మెయిన్ ఎత్తండి" అన్నాడు ఫోనులో అతను.

పది కిలోవాట్లకు డబ్బు కట్టి, కొత్త మీటరు పెట్టించుకుని, ఉప్పు బస్తా పాతిన వాడిని, మళ్లీ హాల్లో నిలబడి గొంతు సవరించుకున్నాను. "మెయిన్ ఎత్తుతున్నాను, ఏసీలన్నీ ఆపండి!"

"ఆగండి, పాలు పొంగలేదు!" అంది మా ఆవిడ వంటింట్లోంచి, అలవాటు కొద్దీ. పొయ్యి ఆరిపోయి అప్పటికి పావుగంట.

మర్నాడు మెట్ల కింది పెట్టెకు తాళం పడింది. తాళపుచెవి అమ్మ బొడ్లో ఉంది. లిఫ్టు సంగతి ఎప్పుడు చూద్దామని ఎలక్ట్రీషియన్ అడిగితే, ఆమెను అడగమన్నాను.