ముందు అపవాదు, తర్వాత కోత: టెక్సస్ బడుల కథ

2025 మే 3, శనివారం నాడు టెక్సస్‌లో స్థానిక ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు అనేకంలో పాలక బోర్డుల ఎన్నికలు జరిగాయి. ప్రైవేటు బడి ఫీజులకు ప్రజాధనం ఇచ్చే వోచర్ చట్టంపై గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేసిందీ ఆ రోజే. అందుకు 100 కోట్ల డాలర్లు కేటాయించారు. తేదీలు కలవడం కాకతాళీయం కావచ్చు గానీ, ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధం కాకతాళీయమని నేననుకోను. ప్రభుత్వ బడిపై జనానికి నమ్మకం ఉన్నంత కాలం దాని నిధుల జోలికి వెళ్లే ధైర్యం ఏ నాయకుడికీ ఉండదు. ఆ నమ్మకాన్ని పోగొట్టే పని, తరచూ పది శాతం మంది కూడా ఓటు వేయని బోర్డు ఎన్నికల్లో చాలా చౌకగా జరిగిపోతుంది.

తాము పిల్లులమని చెప్పుకునే విద్యార్థుల కోసం బడి మరుగుదొడ్లలో క్యాట్ లిట్టర్ (పెంపుడు పిల్లుల మలమూత్రాలను పీల్చుకునే పొడి) తొట్టెలు పెడుతున్నారన్న కథ పాఠకులు వినే ఉంటారు. 2021 డిసెంబరులో మిషిగన్‌లోని మిడ్‌లండ్ బోర్డు సమావేశంలో ఒక మహిళ ఈ మాట అన్నారు. అటువంటిదేమీ లేదని డిస్ట్రిక్టు ముఖ్య అధికారి అయిన సూపరింటెండెంట్ తేల్చి చెప్పినా, ఊరూరా పేరు మార్చుకుని అదే కథ తిరిగింది. 2022 మార్చిలో నెబ్రాస్కా రాష్ట్ర సెనేటర్ బ్రూస్ బోస్టెల్మన్ దాన్ని చట్టసభలోనే చెప్పి, అదే రోజు క్షమాపణ కోరారు. అయినా 2025లో టెక్సస్ శాసనసభ్యుడు స్టాన్ గర్డెస్ స్మిత్‌విల్ బడుల పేరు చెప్పి ఏకంగా బిల్లే ప్రవేశపెట్టారు. స్మిత్‌విల్ అధికారులు ఖండించారు. వోచర్ల కోసం ప్రచారం చేస్తూ గవర్నర్ అదే కథ వల్లించారు.

ఇందులో నిజమైన క్యాట్ లిట్టర్ ఒకచోట ఉంది. కొలరాడోలోని జెఫర్సన్ కౌంటీ బడులు కొన్నేళ్లుగా తరగతి గదుల్లో ఉంచుతున్న అత్యవసర బకెట్లలో టార్చిలైటు, ప్రథమ చికిత్స సామగ్రితో పాటు అదీ కొంత ఉంటుంది. తుపాకీతో ఎవరైనా చొరబడినప్పుడు, తాళం వేసిన గదిలో గంటల తరబడి చిక్కుకుపోయే పిల్లలకు కాలకృత్యాల ఏర్పాటు అది. 1999లో కాల్పులు జరిగిన కొలంబైన్ హైస్కూల్ ఉన్నది ఆ కౌంటీలోనే. పిల్లల ప్రాణభయం లోంచి పుట్టిన జాగ్రత్త పక్కనే ఇంత వెకిలి కథ నడిచింది.

అయితే పిల్లి కథను నవ్వి వదిలేసే చదువుకున్న తల్లిదండ్రులు కూడా అంకెలకు లొంగిపోతారు. నేప్ అనే జాతీయ పరీక్షలో, 2024లో, చదవడంలో ‘ప్రొఫిషియెంట్’ స్థాయి అందుకున్నవారు నాలుగో తరగతిలో 31 శాతం, ఎనిమిదిలో 30 శాతం. ఇలాంటి అంకెలను పట్టుకుని పదిమందిలో ఏడుగురికి తమ తరగతి పాఠం చదవడం రాదని ప్రచారం చేస్తారు. ఆ స్థాయి అంటే కఠినమైన విషయంపై గట్టి పట్టు అని, తరగతి స్థాయికి సమానం కాదని ఆ పరీక్ష నిర్వహించే సంస్థే స్పష్టంగా చెబుతోంది. మన పదో తరగతి ఫలితాల్లో ఫస్ట్ క్లాసు రానివారందరినీ ఫెయిలైనవారి లెక్కలో వేయడం లాంటిదే ఇది. నాలుగో తరగతిలో 40 శాతం మంది ‘బేసిక్’ స్థాయి కూడా అందుకోలేదన్నది మాత్రం నిజం. బడులను నిలదీయదలచినవారికి ఆ నిజమే చాలు. పైగా టెక్సస్ ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల కేటాయింపు 2019 నుంచి 6,160 డాలర్ల వద్దే నిలిచిపోయి, ధరలు అంతగా పెరిగాక, 2025లో 55 డాలర్లు మాత్రమే పెరిగిందన్న సంగతి ఆ ప్రచారంలో కనిపించదు.

తల్లిదండ్రుల కోపమంతా కల్పితమని అనడం అన్యాయమే. తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో, 2021 నాటి రెండు లైంగిక దాడుల విషయంలో డిస్ట్రిక్టు వ్యవహరించిన తీరును పౌరులతో కూడిన విచారణ బృందమైన ప్రత్యేక గ్రాండ్ జ్యూరీ తీవ్రంగా తప్పుపట్టింది. 2022 డిసెంబరులో బోర్డు సూపరింటెండెంటును తొలగించింది. కానీ ఆ తప్పు బయటపడి, బాధ్యుడి పదవి పోయిందంటే, అది లెక్క చెప్పక తప్పని ప్రభుత్వ బడి కావడం వల్లనే.

నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. బోర్డు సమావేశం బహిరంగం, బడ్జెట్ బహిరంగం, గ్రంథాలయ జాబితా బహిరంగం. బడిని గట్టిగా నిలబెట్టే ఈ పారదర్శకతనే దాని శత్రువులు ఆయుధం చేసుకున్నారు. టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్ నగరం పక్కనున్న కెల్లర్ డిస్ట్రిక్టునే చూడండి. 2022లో పేట్రియట్ మొబైల్ అనే ఫోన్ సంస్థ రాజకీయ విభాగం కెల్లర్ సహా నాలుగు డిస్ట్రిక్టుల్లో 11 మందిని బలపరచగా అందరూ గెలిచారు. బడి గ్రంథాలయాల్లో అశ్లీలం ఉందన్నది కెల్లర్ ప్రచారంలో ముఖ్యాంశం. ఆ ఆగస్టులో పునఃపరిశీలన పేరుతో అక్కడ 41 పుస్తకాలను అరల నుంచి తీయించారు; వాటిలో బైబిల్ కూడా ఉంది! 2025 జనవరికల్లా డిస్ట్రిక్టునే రెండు ముక్కలు చేసే ప్రతిపాదన బయటపడింది. తల్లిదండ్రులు, విద్యార్థులు తిరగబడటంతో మార్చిలో బోర్డు వెనక్కి తగ్గింది. వోచర్ డబ్బు తీసుకునే ప్రైవేటు బడిలో ఇలా తిరగబడటానికి ఓటర్లు ఎన్నుకున్న బోర్డు ఉండదు. ఆ బడి తనకు నచ్చని పిల్లవాడిని చేర్చుకోకపోవచ్చు. రాష్ట్ర పరీక్ష స్టార్ పెట్టాల్సిన పనీ లేదు.

తెలుగువాళ్లకు ఈ క్రమం కొత్తది కాదు. సర్కారు బడిలో చదువు రాదన్న మాట మన ఊళ్లలో ముందు స్థిరపడింది, పిల్లలు తగ్గారు, ఆ తగ్గిన సంఖ్యనే చూపి హేతుబద్ధీకరణ పేరిట బడులను విలీనం చేశారు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చదివి అమెరికా చేరినవారే నేడు డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, కాపెల్, ప్లేనోల్లో బడి రేటింగులు చూసి ఇళ్లు కొంటున్నారు, ఆ ఇళ్లపై బడికి పన్ను కడుతున్నారు, ఆ బడి గురించి వచ్చిన ప్రతి వాట్సాప్ సందేశాన్నీ పదిమందికి పంపుతున్నారు. హెచ్‌1బీ మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవారికి బోర్డు ఎన్నికల్లో ఓటు లేదు, నిజమే. వారి పిల్లల బడి గురించి కూడా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లే ఓటుతో చెప్పాలి. టెక్సస్‌లో పోలింగుకు 30 రోజుల ముందే ఓటరుగా నమోదు కావాలి. ఏప్రిల్ మధ్యలో పుకారు చూసి మేల్కొన్నవారికి మే ఎన్నికల గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.