‘మార్చి చూద్దాం’ శాస్త్రం

బండి పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పడేదాకా సెకండ్ హ్యాండ్ కారుకి ఏ రోగమూ ఉండదు. రోగమనేది సంతకాల తర్వాతే పుడుతుంది. నెల్లూరు మినీ బైపాస్‌లో నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డ బండి, పెన్న దాటి కోవూరు చేరేలోగా ఇంజన్ తడబడి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టిందంటే అది కచ్చితంగా కొనుక్కున్నవాడి చేతి గుణమే. ఈ విషయంలో అమ్మినవాడికీ, బ్రోకరుకీ, కొన్నవాడి బావమరిదికీ ఏకాభిప్రాయం ఉంది. ఇంతమంది ఒక్క మాట మీద నిలబడ్డం మన దగ్గర అరుదు కాబట్టి దాన్ని గౌరవిద్దాం.

ఇక వైద్యం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల షెడ్లలో పాతుకుపోయిన పద్ధతి ఒకటుంది: మార్చి చూద్దాం. దీని మూలసూత్రం గంభీరమైనది. ఇంజన్‌లోని ప్రతి పార్టూ దోషే, దాని స్థానంలో కొత్తది వేసి నిర్దోషి అని తేల్చేదాకా. బండి మిస్సింగ్ కొడితే ముందు ప్లగ్గులు. తగ్గలేదా, ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిళ్లు. అప్పటికీ తగ్గలేదా, ట్యాంకులో పంపు. ఆనక ఇంజెక్టర్లు. చిట్టచివర, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ గురించి, "ఈసీఎం పొయ్యుంటదినా" అనే మహావాక్యం. మెట్టుకొక బిల్లు, బిల్లుకొక "ఎందుకైనా మంచిది". ఈ శాస్త్రాన్ని ఒప్పుకోని వర్గం కూడా ఉంది. మల్టీమీటరనీ, స్కానరనీ, కంప్రెషన్ గేజీ అనీ ఏవేవో అంటూ ఉంటారు. వాళ్ల వాదన మొత్తం విని, తగిన రీతిలో తిరస్కరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ కొలతల వర్గం మొట్టమొదట తప్పుపట్టేది అమ్మేవాడి మర్యాదని. మనం వచ్చేసరికి బండి స్టార్ట్ చేసి, వేడెక్కించి, ఏసీ వేసి ఉంచుతాడు పాపం. వీళ్లేమో బానెట్ మీద అరచెయ్యి పెట్టి, వెచ్చగా తగిలితే "రేపు తెల్లారుజామున వస్తాం" అంటారు. రాత్రంతా కదలని ఇంజన్ని పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు వెనక ఒక మనిషి నిలబడి చూడాలంట. స్టార్టవగానే ఒక్కసారి నీలంపొగ గుప్పుమని ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయని, రాత్రి ఆయిల్ చుక్కలు చుక్కలుగా సిలిండర్లోకి దిగిందని అర్థమంట. లోడు మీద తొక్కుతున్నకొద్దీ నీలంగానే వస్తుంటే పిస్టన్ రింగులు, లేదా టర్బో సీలు అరిగినట్టు. బండి వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లగా వస్తుంటే కూలెంట్ మండుతున్నట్టు. డీజిల్ బండికి తెల్లపొగ కళ్లు మండేలా ఉంటే మండని డీజిల్. ఇంతా చెప్పి, కొన్నాక కూడా మొదటివారంలో ఈ పరీక్ష చెయ్యాలంటారు. మన పద్ధతిలో పొగకి రంగుల్లేవు. పొగ కొడితే ఇంజన్ విప్పి సిలిండర్లకి బోరు పనే.

ఇంజన్ శబ్దం గురించి కూడా వీళ్లకి అనుమానమే. పల్చటి 5డబ్ల్యూ-30 ఆయిల్ పోయాల్సిన ఇంజన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే టక్కుటక్కులు అణిగిపోతాయి, పొగా తగ్గుతుంది, నాలుగు వారాలు గడుస్తాయి. అందుకే కొన్నవెంటనే ఆయిలూ ఫిల్టరూ మార్చి, కంపెనీ మాన్యువల్లో చెప్పిన గ్రేడే పోసి, అప్పుడు చెవి పెట్టమంటారు. దాచినవన్నీ అప్పుడు బయటపడతాయట. దాచినవాడి కష్టానికి విలువ లేదా?

డాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ లైటు సంగతి సరేసరి. తాళం ఆన్ చెయ్యగానే అది వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే బల్బు పీకారనో, వెనక నల్లటేపు అంటించారనో అనుకోవాలట. ఎంత చెడ్డ మనసులు! 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకి స్టీరింగ్ కింద పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. అందులో ఈఎల్ఎం327 అనే చౌక అడాప్టర్ గుచ్చి, సెల్‌ఫోన్లో యాప్ తెరిస్తే ఇంజన్ కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లు కనిపిస్తాయి. కోడ్లు లేవంటే సంతోషించొచ్చు గదా. సంతోషించరు. "రెడీనెస్ మానిటర్లు" అనే పేజీ, అంటే కంప్యూటర్ చేసుకునే స్వీయపరీక్షల పట్టిక, తెరుస్తారు. కోడ్లు ఈమధ్యే చెరిపినా, బ్యాటరీ తీగ పీకినా ఆ మానిటర్లు "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. చాలా బండ్లలో కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా నమోదై ఉంటుంది. ఓడోమీటరు 62,000 చూపించి, ఈ లెక్క 9 చూపించిందంటే, బండిని నీళ్లతో కడిగినవాళ్లే కంప్యూటర్ని కూడా కడిగారన్నమాట. శుభ్రతని కూడా నేరంగా చూసే కాలం.

కోడ్ వచ్చిందనుకుందాం. పీ0171. మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని చెప్పేది ఆక్సిజన్ సెన్సర్. మన శాస్త్రం వెంటనే చేసే పని ఆ సెన్సర్ని మార్చడం. చెడ్డవార్త తెచ్చినవాడిని ఊరికే వదలకూడదు. కొలతల వర్గం మాత్రం అదే యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో ఆ లెక్క, చూడమంటుంది. అందులోని షార్ట్, లాంగ్ లెక్కలు రెండూ కలిపి, బండి కదలకుండా ఐడిలింగ్‌లో ఉండగా ప్లస్ 20 శాతం దాటి, 2,500 ఆర్పీఎంకి తెచ్చేసరికి 5 దగ్గరకి పడిపోతే ఎక్కడో గొట్టం పగిలి దొంగగాలి లోపలికి పోతోందని. దానికి భిన్నంగా, ఐడిలింగ్‌లో బాగుండి లోడు మీద పెరుగుతుంటే పంపు బలహీనం, ఫిల్టరు మూసుకుపోయింది, లేదా గాలి కొలిచే మాఫ్ సెన్సర్‌కి మురికి పట్టింది. ఇది మాఫ్ ఉన్న బండ్ల లెక్క. చిన్నకార్లు చాలావాటికి మాఫ్ ఉండదు, ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అక్కడ దొంగగాలి దూరితే ట్రిమ్ పెద్దగా చెడదు, ఐడిలింగే 800 నుంచి 1,200కి లేచి కూచుంటుంది. ఇంత తేడా తెలుసుకునే ఓపిక ఎవడికుంది?

దొంగగాలి ఎక్కడినుంచి దూరుతోందో పట్టుకోడానికి సబ్బునీళ్లు చాలంటారు. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా బ్రేక్ బూస్టర్ గొట్టం మొదళ్ల మీద, ఆయిల్ మూత దగ్గర్నుంచి ఇన్‌టేక్‌కి పోయే బ్రీదర్ గొట్టం మీద, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ చుట్టూ కాసిన్ని చిలకరిస్తే, పగులున్నచోట నీళ్లు లోపలికి లాక్కుని ఇంజన్ చప్పుడు మారుతుంది. కొందరు కార్బ్ క్లీనర్ స్ప్రే కొడతారు, సైలెన్సర్ వేడి మీద పడితే అంటుకుంటుంది, జాగ్రత్త. మన ఎండలకి ఆరేడేళ్లలో రబ్బరు అప్పడంలా పెళుసైపోతుంది కాబట్టి చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు. దొరికితే ఏం లాభం? బెత్తెడు రబ్బరు గొట్టం. దాన్ని బిల్లులో రాయడానికే షెడ్డువాడికి సిగ్గు.

పీ0302 వచ్చిందంటే రెండో సిలిండర్ మిస్సింగ్. మనవాళ్లు నాలుగు కాయిళ్లూ మార్చి గౌరవం కాపాడుకుంటారు. వాళ్లు మాత్రం రెండో కాయిల్ తీసి మూడోదానికి పెట్టి, కోడ్ చెరిపి, ఓ పది కిలోమీటర్లు తిప్పమంటారు. కోడ్ పీ0303గా మారితే కాయిల్ పోయినట్టు, ఒక్కటి కొంటే సరి. మారకపోతే ప్లగ్గుని ఇదేవిధంగా మార్చి చూడాలి, ఆపైన ఇంజెక్టర్‌ని. పైసా ఖర్చు లేని "మార్చి చూద్దాం" ఇది. మన శాస్త్రాన్ని ఇంత దారుణంగా వక్రీకరించడం ఎక్కడా చూడలేదు.

ఇవేవీ కాకపోతే సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ. ఇంజన్ వెచ్చగా ఉండగా ప్లగ్గులన్నీ విప్పి, ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి, ఆక్సిలరేటర్ నేలకి తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. పెట్రోలు బండికి మామూలుగా 150 నుంచి 180 పీఎస్ఐ దాకా వస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 15 శాతం మించితే ఆలోచించాలి. తక్కువొచ్చిన సిలిండర్లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. గాలి ఎక్కడా కారడం లేదని, సిలిండర్లోకి గాలి కొట్టి చూసే లీక్‌డౌన్ పరీక్షలో తేలి, ఒక్కదాంట్లోనే కంప్రెషన్ తక్కువగా ఉంటే? కనెక్టింగ్ రాడ్ వంగి, పిస్టన్ పైదాకా రావడం లేదేమో. అంటే బండి ఎప్పుడో నీళ్లు తాగి ఉండొచ్చు. దానికి 2015 డిసెంబరు చెన్నై వరదో, 2024 సెప్టెంబరు విజయవాడ వరదో అక్కర్లేదు. గట్టి వానపడ్డ రోజు మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో ధైర్యం చేసినా చాలు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురదచార చూడటం, స్టెప్నీ గుంతలో తుప్పు చూడటం కొనకముందు చెయ్యాల్సిన పని. కొన్నాక చూస్తే మనస్తాపం.

చీమకుర్తి క్వారీల వైపు తిరిగిన డీజిల్ బండి నల్లపొగ కొడితే డీజిల్ చిమ్మే నాజిళ్లు దించడం ఆచారం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి గ్రానైట్ దుమ్ము చూడటం, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే గొట్టం క్లిప్పుల దగ్గర నూనె చెమ్మ వెతకడం ఆచారం కాదు. నాజిళ్లే అనుకున్నా, వాటి రిటర్న్ గొట్టాలు తీసి నాలుగు సీసాల్లో పెట్టి రెండుమూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే, ఏ సీసా ముందు నిండుతుందో ఆ నాజిలే అరిగిందని తెలుస్తుందట. నాలుగు నాజిళ్లకి బదులు ఒక్క నాజిల్ పని. వ్యాపారం ఎట్లా సాగాలి?

ఇంజన్ కాగేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ దగ్గర మాత్రం మన శాస్త్రం తిరుగులేని విజయం సాధించింది. బండి హీటెక్కుతోందనగానే, "మన ఎండలకి దీని అవసరం ఏముండాదినా, ఇది చలిదేశాలోళ్లకి" అని పీకి పక్కన పడేస్తారు. ఎంత హేతుబద్ధం! 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకునే ఆ వాల్వు పోయాక, హైవే మీద ఇంజన్ ఎప్పటికీ కాగదు. కంప్యూటరేమో ఇంకా చలిగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్లో చెమ్మ ఆవిరవక జిగురు కడుతుంది, పీ0128 కోడ్ వస్తుంది. ఆ పైన ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో బండి మళ్లీ మరుగుతుంది, ఎందుకంటే అసలు రోగం ఫ్యాన్. ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే స్విచ్చులాంటి దాని రిలేని అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూస్తే అరనిమిషంలో తేలుతుంది. ఫ్యాన్ బాగుంటే రేడియేటర్ మూత. దాని స్ప్రింగు 1.1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితేనే నీళ్లు 120 డిగ్రీల దాకా మరక్కుండా ఉంటాయి. మూత బాగుంటే నీళ్లు. కనిగిరి, పొదిలి పక్క ఉప్పుబోరు నీళ్లు ఏళ్లకొద్దీ పోసిన రేడియేటర్లో గొట్టాలు సున్నంతో పూడిపోయి ఉంటాయి. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయాలని డబ్బా మీద రాసే ఉంటుంది, కానీ డబ్బా కొనాలి గదా. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నాయా, పై గొట్టం నిమిషంలోపే రాయిలా బిగుస్తోందా, అప్పుడు మాత్రం హెడ్ గ్యాస్కెటే. వేడి మీద ఆ మూత ముట్టుకుంటే చేతికి మరో వైద్యం.

2020 తర్వాతి బీఎస్6 డీజిల్ బండి అమ్మిన పెద్దమనిషి "ఆయిల్ తాగదు" అంటే అబద్ధం కాదు. తాగదు, పుట్టిస్తుంది. సైలెన్సర్లో మసి పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్‌ని కాల్చి శుభ్రం చేసుకోడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. పొగతోట నుంచి ట్రంక్ రోడ్డుకీ, ట్రంక్ రోడ్డు నుంచి పొగతోటకీ మాత్రమే తిరిగే బండిలో ఆ పని మధ్యలోనే ఆగిపోయి, డీజిల్ కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం గీత దాటిందంటే, వాసన చూస్తే డీజిల్ కంపు కొట్టిందంటే, ఆయిల్ మార్చి, కావలి దాకా హైవే మీద ఒకే వేగంతో ఒకసారి పోయిరమ్మంటారు. పెరిగే ఆయిల్ని పారబోయమనేవాళ్ల మాట ఎవరు వింటారు?

ఎర్తింగ్ సంగతి చెప్పడానికే వాళ్లు మొహమాటపడాలి, అంత చిన్న విషయం. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ బుడిపె మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొడితే 0.3 వోల్టు లోపు రావాలి. అర వోల్టు దాటితే ఎర్త్ తీగ కొస తుప్పు పట్టింది. మైపాడు, కొత్తపట్నం ఉప్పుగాలికి అది సహజం. ఆ తీగ విప్పి ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే, "ఈసీఎం పోయింది" అన్న బండ్లు కొన్ని లేచి తిరుగుతాయట. ఈసీఎం పక్కన ఉప్పుకాగితం పేరెత్తడమే అపచారం.

ఇక తిరస్కరణ. ఈ వాదనలన్నిటికీ మన దగ్గర ఒకే సమాధానముంది: చూసినందుకు డబ్బులివ్వం. పార్టుకిస్తాం, బోరు పనికిస్తాం, అడిగినంతా ఇస్తాం. రెండు గంటలు గేజీ పెట్టి, అంకెలు రాసుకుని, పగిలిన గొట్టం పట్టుకున్నవాడు కూలి అడిగితే:

"గొట్టమెంత?"

"నూటేబై."

"మరి వెయ్యేందన్నా?"

"రెండు గంటలు చూశాం గదా, దానికి."

"చూసినందుకు డబ్బులేందన్నా? అవతల షెడ్డాయన చూడకుండానే పంపు మార్చాలన్నాడు."

ఆ షెడ్డాయన కూడా మొదట్లో గేజీ కొన్నవాడే. బీరువా మీద ఉండాది, ప్యాకింగ్ కూడా చెడలా.