గుల్‌పిలిల్ మాట తెరకెక్కడానికి పట్టిన కాలం

‘వాకబౌట్’ సినిమా 1971లో వచ్చింది. ఆస్ట్రేలియా ఎడారిలో దిక్కుతోచక తిరుగుతున్న తెల్లజాతి అక్కాతమ్ముళ్లను ఓ ఆదివాసీ కుర్రాడు కాపాడతాడు. నీటి జాడ చూపిస్తాడు, వేటాడి తిండి పెడతాడు, తన భాషలో కబుర్లూ చెబుతాడు. ఆ కబుర్లకు సబ్‌టైటిళ్లు లేవు. ఆ పిల్లలకు అర్థం కానిది మనకూ అర్థం కాకూడదన్నది దర్శకుడు నికోలస్ రోగ్ ఉద్దేశం కావచ్చు. సరే, మరి ఆ కుర్రాడిగా నటించిన డేవిడ్ గుల్‌పిలిల్ పేరు టైటిల్స్‌లో ‘గుంపిలిల్’ అని తప్పుగా పడటాన్ని ఏమనాలి?

డేవిడ్ గుల్‌పిలిల్‌ది ఉత్తరాన ఉన్న ఆర్నెమ్ ల్యాండ్. యోల్ఙు తెగవాడు. పుట్టిన ఏడాది 1953 అని రికార్డుల్లో ఉన్నా, అదీ అంచనాగా రాసుకున్నదే. రోగ్ కంట పడేనాటికే మంచి నర్తకుడు. ఇంగ్లిష్ మాత్రం అంతంతమాత్రం. ఆ తర్వాత ‘స్టార్మ్ బాయ్’, ‘ది లాస్ట్ వేవ్’, ‘క్రోకడైల్ డండీ’... ఆస్ట్రేలియా సినిమాకు అడవి మనిషి కావలసి వచ్చినప్పుడల్లా ఆయనకే కబురు వెళ్లింది. ‘సహజంగా చేస్తాడు’ అని అందరూ మెచ్చుకున్నారు. నాకు నచ్చని పొగడ్త ఇది. నటించలేదు, ఉన్నట్టే ఉన్నాడు అన్నట్టు ఉంటుంది.

2002లో వచ్చిన రెండు సినిమాలు చూస్తే ఆ మాట నిలవదు. రెండింట్లోనూ ఆయన తెల్లవాళ్ల కోసం సొంత మనుషుల జాడ తీసే ట్రాకరే. ‘ది ట్రాకర్’లో పోలీసు ముందు వినయం ఒలకబోస్తూ, లోలోపల అతణ్ని ఆడిస్తుంటాడు. ‘రాబిట్ ప్రూఫ్ ఫెన్స్’లో ఇంకా పొదుపు. నిర్బంధ శిబిరం నుంచి ఇంటికి పారిపోతున్న ముగ్గురు ఆడపిల్లల అడుగుజాడలు వెతుకుతూ, వాళ్లలో పెద్దపిల్ల తెలివైందని, ఇంటికి పోవాలనుకుంటోందని తేల్చేస్తాడు. అందులో ఫిర్యాదు ఉందో మెచ్చుకోలు ఉందో పక్కనున్న తెల్లవాడికి అంతు పట్టదు. అతని సొంత కూతురూ ఆ శిబిరంలోనే ఉంది మరి.

అసలు మలుపు ‘టెన్ కనూస్’. 1930లలో తీసిన ఓ ఫొటోలో పడవలెక్కిన పదిమందిని దర్శకుడు రోల్ఫ్ డి హీర్‌కు చూపించింది ఆయనే. 2006లో ఆ సినిమా వచ్చేసరికి పాత్రలన్నీ ఆదివాసీ భాషల్లోనే మాట్లాడాయి. ఈసారి సబ్‌టైటిళ్లు చదువుకోవలసిన వంతు మిగతా ప్రపంచానిది. ‘వాకబౌట్’ నుంచి ఇక్కడికి ముప్పై అయిదేళ్లు!

భార్యపై దాడి చేసిన కేసులో 2011లో ఆయనకు జైలుశిక్ష పడింది. ‘రెండు ప్రపంచాల మధ్య నలిగిపోయాడు’ అంటూ నివాళులు రాసేవాళ్లకు ఈ సంగతి దాటేయడం సులువు. కానీ దెబ్బలు తిన్నది ఆవిడ. డి హీర్ జైలుకు వెళ్లి కలిశాక ఇద్దరూ కలిసి రాసుకున్నదే ‘చార్లీస్ కంట్రీ’. అందులో గుల్‌పిలిల్ వేసిన చార్లీ పాత్ర తుపాకీని పోలీసులు పట్టుకుపోతారు. బల్లెం చెక్కుకుంటే అదీ ప్రమాదకర ఆయుధమని లాక్కుంటారు. తాగుడు, జైలు, గొరిగేసిన తల అన్నీ ఉన్నాయి, జాలి కోసం దేబిరించడం మాత్రం లేదు. 2014లో కాన్ చలనచిత్రోత్సవంలోని ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగం ఆయనను ఉత్తమ నటుడిగా ఎంచింది ఈ పాత్రకే. 2021 నవంబరులో కన్నుమూశాడు. ఆయన గొప్పతనం తెలియాలంటే నేనైతే ‘వాకబౌట్’ కాదు, ముందు ఇది చూడమంటాను.