సవరణ: ఎమ్3 వీల్స్ కొత్త 3 సిరీస్‌కి పట్టవు

మొన్న నా బీఎండబ్ల్యూ ఎమ్3 (ఎఫ్80 అనే పాత మోడల్) నుంచి తీసిన 19 అంగుళాల వీల్స్, బ్రేక్ ప్యాడ్లు అమ్మకానికి పెట్టినప్పుడు, వీల్స్ ఏ 3 సిరీస్‌కైనా సరిపోతాయని రాశాను. అది తప్పు, నేనే ముందు చూసుకోవాల్సింది. వీటి బోల్టు రంధ్రాల కొలత 5×120, అంటే 120 మి.మీ. వలయం మీద ఐదు బోల్టులు; కొత్త 3 సిరీస్ (జీ20 మోడల్)కి 5×112. మధ్య రంధ్రం కూడా ఇక్కడ 72.6 మి.మీ., దానికి 66.6. కంపెనీ పార్ట్స్ కేటలాగ్ చూశాను, జేసీ రోడ్డులో టైర్ల షాపాయన కొలిచి మరీ చూపించాడు.

ఇంకోటి, నాలుగూ ఒకే సైజు కాదండీ, ముందువి 9, వెనకవి 10 అంగుళాల వెడల్పు. స్పోక్ వెనక బ్రేక్ దుమ్ము తుడిస్తే సైజు అంకెలు కనిపిస్తాయి. కొలత కలవడానికి మధ్యలో అడాప్టర్లు వేసుకుంటామన్నారు ఒకరు, ఈ కార్లు వెళ్ళే స్పీడుకి నాకు భయం, అలాగైతే ఇవ్వను. వైట్‌ఫీల్డ్ నుంచి అడ్వాన్స్ పంపినాయనకి డబ్బు వెనక్కి వేసేశాను.